లెక్కల్లో 95, క్రిటికల్ థింకింగ్‌లో సగం కూడా రాలేదు: టారా పరీక్షకు ఎలా తయారవ్వాలి?

ప్రశ్న క్లుప్తంగా: "మా అమ్మాయి హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ 12వ తరగతి. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ (యూసీఎల్)లో కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేస్తోంది. టారా అనే పరీక్ష రాయాలట. లెక్కల్లో 95 ఎప్పుడూ తగ్గలేదు. మాక్ టెస్టులో ప్రాబ్లమ్ సాల్వింగ్ ఫర్వాలేదు, క్రిటికల్ థింకింగ్‌లో మాత్రం 22కి 11 కూడా రాలేదు. 'నాకు తెలివి లేదేమో నాన్నా' అని ఒకటే బాధ. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు షార్ట్‌కట్స్ నేర్పుతాం అంటున్నారు, ఫీజు బాగానే ఉంది. చేర్పించమంటారా?"

చివర అడిగినదానికి ముందుగా జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే చేర్పించకండి. ఈ పరీక్షకు కావలసిన ప్రశ్నలు, జవాబులు, వివరణలు దాదాపు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. రెండు నెలలు ఇంట్లో సరిగ్గా కూర్చున్నాక కూడా కదలకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

నేను ఇంగ్లండ్‌లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు లెక్కలు చెబుతాను. సెప్టెంబరు వచ్చిందంటే ఈ అడ్మిషన్ టెస్టుల గోలే. మన పిల్లల్లో మీ అమ్మాయి లాంటి వాళ్ళు ఏటా కనిపిస్తారు: లెక్కల్లో దిట్ట, నాలుగు వాక్యాల పేరా ఇచ్చి "ఇందులో రచయిత తేల్చిన విషయం ఏమిటి?" అంటే తడబాటు. దీనికీ తెలివికీ సంబంధం లేదు. పదేళ్ళుగా చేయించిన సాధన వేరు, ఇక్కడ అడుగుతున్నది వేరు.

పరీక్ష సంగతి కొంచెం చెప్పి అసలు విషయానికి వస్తాను. టారా (టెస్ట్ ఆఫ్ అకడమిక్ రీజనింగ్ ఫర్ అడ్మిషన్స్)ను నడిపేది యూఏటీ-యూకే అనే సంస్థ, దాన్ని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ కలిసి పెట్టాయి. టారా మొదలైంది 2025లో. మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. క్రిటికల్ థింకింగ్‌లో 22 ప్రశ్నలు, ప్రాబ్లమ్ సాల్వింగ్‌లో 22, మూడోది వ్యాసం. కాలిక్యులేటర్ ఉండదు. మొదటి రెండు భాగాలకూ విడివిడిగా 1 నుంచి 9 మధ్య స్కోరు ఇస్తారు. వ్యాసానికి మార్కులుండవు, ఉన్నదున్నట్టు యూనివర్సిటీకి పంపిస్తారు.

పేరు కొత్తదే గానీ సరుకు పాతదే. ఆక్స్‌ఫర్డ్ చాలా ఏళ్ళు పీపీఈ (ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్), ఎకనామిక్స్ అండ్ మేనేజ్‌మెంట్ లాంటి కోర్సులకు టీఎస్‌ఏ (థింకింగ్ స్కిల్స్ అసెస్‌మెంట్) అనే పరీక్ష పెట్టింది. 90 నిమిషాల్లో 50 ప్రశ్నలు, అందులోనూ ఇవే రెండు రకాలు. ఒక్కో ప్రశ్నకు వచ్చే సమయం చూడండి: అక్కడ 108 సెకన్లు, ఇక్కడ 109. అందుకే పాత టీఎస్‌ఏ పేపర్లే టారాకు అన్నిటికంటే మంచి సాధన. (ఆక్స్‌ఫర్డ్‌కి కూడా అప్లై చేసే ఆలోచన ఉంటే ఏ కోర్సుకు ఏ పరీక్షో ఆ ఏడాది కోర్సు పేజీలోనే చూడండి. ఈ మధ్య అక్కడ మార్పులు ఎక్కువ, పోయినేడు రాసిన సీనియర్ చెప్పింది ఈ ఏడాదికి పనికి రాకపోవచ్చు.)

మాక్‌లో 11 కూడా రాకపోవడం గురించి ఇంకో మాట. టీఎస్‌ఏలో స్కోరు 100కి ఇచ్చేవాళ్ళు. అక్కడికి అప్లై చేసేవాళ్ళే గట్టివాళ్ళు, అలాంటి వాళ్ళకు మామూలుగా వచ్చేది 60 దగ్గర. 70 దాటేది సుమారు పది మందిలో ఒకరు. ఇది 95 తెచ్చుకునే పరీక్ష కాదని అమ్మాయికి ముందే చెప్పండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక అసలు విషయం. మన బోర్డు పరీక్షలైనా, ఎంసెట్ అయినా, జేఈఈ అయినా, బుర్రలో ఉన్నది బయటికి తీయమంటాయి. ఫార్ములా గుర్తుండాలి, రియాక్షన్ గుర్తుండాలి. క్రిటికల్ థింకింగ్‌లో జవాబుకు కావలసినదంతా స్క్రీన్ మీదే ఉంటుంది. మన దగ్గరున్న బయటి సరుకు ఒక్క రవ్వ కూడా అందులో కలపకూడదు. బాగా చదివే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర బయటి సరుకు ఎక్కువ. ఆప్షన్ చదవగానే "అవును, ఇది నిజమే, మొన్న పేపర్లో చూశాను" అనిపిస్తుంది, టిక్కు పెట్టేస్తారు. ఆ ఆప్షన్ నిజమా అబద్ధమా అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఆ తరహాలో నేను రాసిన ప్రశ్న ఒకటి చూడండి.

"మా ఊరి గ్రంథాలయానికి వచ్చేవాళ్ళు ఐదేళ్ళలో సగానికి తగ్గారు. ఇదే ఐదేళ్ళలో ఊళ్ళో చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ వచ్చింది. జనానికి కావలసిన సమాచారం ఇప్పుడు ఇంట్లోనే దొరుకుతోంది. అందుకని గ్రంథాలయం మీద పెట్టే డబ్బును పంచాయతీ వేరే పనులకు మళ్ళించాలి."

ఈ వాదన పైకి చెప్పకుండా దేన్ని ఒప్పేసుకుని ముందుకు పోతోంది?

ఎ) ఇంటర్నెట్‌లో దొరికే సమాచారం పుస్తకాల్లో ఉన్నదాని కంటే నమ్మదగినది.
బి) యువతలో పుస్తకాలు చదివే అలవాటు తగ్గిపోతోంది.
సి) సమాచారం అందించడం తప్ప, డబ్బు పెట్టదగ్గ ఉపయోగం గ్రంథాలయానికి ఇంకేదీ లేదు.
డి) వచ్చే ఐదేళ్ళలో ఊళ్ళో ప్రతి ఇంటికీ ఇంటర్నెట్ వస్తుంది.

ఎక్కువ మంది 'బి' మీద వాలతారు. నిజ జీవితంలో అందరూ అనే మాట కదా. కానీ ఈ పేరాలో యువత ఊసే లేదు. ఇలాంటి ప్రశ్నకు నేను చెప్పించే పద్ధతి ఒక్కటే: ఆప్షన్‌ని తిరగేసి చూడు, వాదన కూలిందా నిలబడిందా? 'బి'ని తిరగేద్దాం: యువతలో చదివే అలవాటు తగ్గలేదు. అయినా సమాచారం ఇంట్లో దొరుకుతోంది అన్న మాట అలాగే ఉంది, వాదన నడుస్తుంది. 'ఎ'ని తిరగేస్తే, నెట్‌లో ఉన్నది పుస్తకం కంటే నమ్మదగినదేమీ కాదు. రెండూ సమానమే అయినా వాదనకు నష్టం లేదు. 'డి' అక్కర్లేదు, చాలా ఇళ్ళకు వచ్చిందని ముందే చెప్పారు. ఇప్పుడు 'సి' తిరగేయండి: గ్రంథాలయం వల్ల వేరే విలువైన ఉపయోగం ఉంది, ఉదాహరణకు పోటీ పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ ప్రశాంతంగా కూర్చుంటారు. ఇంట్లో నెట్ ఉంది కాబట్టి డబ్బు తీసేయాలి అన్న మాట ఒక్కసారిగా కూలిపోయింది. జవాబు 'సి'.

ఇంత వివరంగా రాశానంటే కారణం ఉంది. ఇలా ప్రతి తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో నోటితో చెప్పించడమే మొదటి నెల పని మొత్తం. సరైన జవాబు పట్టుకున్నా సరే, మిగిలినవి ఎందుకు కాదో చెప్పలేకపోతే ఆ మార్కు లాటరీలో వచ్చినట్టే లెక్క. రోజుకు ఎనిమిది ప్రశ్నలు చాలు. టైమర్ వద్దు. మన ఇళ్ళలో పిల్ల టైమర్ లేకుండా కూర్చుంటే ఏదో కాలక్షేపం చేస్తోందనిపిస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్నల రకాలు కూడా లెక్కకు మించి ఏమీ లేవు. పాత టీఎస్‌ఏలో ఏడు: ప్రధాన నిర్ణయం ఏది, ఇచ్చినదాని నుంచి ఏం తేలుతుంది, చెప్పకుండా దేన్ని ఒప్పుకున్నారు, కొత్త సమాచారం వస్తే వాదన బలపడుతుందా బలహీనపడుతుందా, వాదనలో లోపం ఎక్కడ, ఇదే అచ్చులో ఉన్న ఇంకో వాదన ఏది, ఇదే సూత్రం ఇంకెక్కడ వర్తిస్తుంది. మాక్‌లో పోయిన మార్కులను ఈ రకాల వారీగా విడదీయమనండి. సాధారణంగా రెండు మూడు రకాల్లోనే ఎక్కువ పోతాయి.

ప్రధాన నిర్ణయం అడిగే ప్రశ్న సులువుగా కనిపించి బోల్తా కొట్టిస్తుంది. అది పేరా చివర్లోనే ఉంటుందని మన పిల్లల నమ్మకం. మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పేసి, మిగతా అంతా కారణాలు పేర్చే పేరాలు బోలెడు. అనుమానం ఉన్న రెండు వాక్యాలు తీసుకుని మధ్యలో "కాబట్టి" పెట్టి అటూ ఇటూ చదివి చూడాలి. ఏ వరస అతుకుతుందో చూస్తే కారణం ఏదో, తేల్చిన మాట ఏదో తెలిసిపోతుంది. ఈ సాధనకు ఇంగ్లీషు పేరాలే కావాలని లేదు. ఇంటికొచ్చే తెలుగు దినపత్రికలో సంపాదకీయం తీసి, రచయిత ఒప్పించాలనుకుంటున్న ఒక్క వాక్యం కింద గీత గీయమనండి. మీరూ విడిగా గీయండి. ఇద్దరి గీతలూ ఒకే చోట పడకపోతే టిఫిన్ తింటూ వాదించుకోండి. ఇంతకంటే మంచి క్లాసు నేను కూడా చెప్పలేను.

ఒకే అచ్చు వాదన పట్టుకునే ప్రశ్నలో విషయాన్ని పక్కన పెట్టడం రావాలి. "కరెంటు పోతే లిఫ్ట్ ఆగిపోతుంది. లిఫ్ట్ ఆగింది. కాబట్టి కరెంటు పోయింది" అని ఇస్తారు. ఇది తప్పు వాదన, లిఫ్ట్ పాడైపోయి కూడా ఆగి ఉండవచ్చు. ఆప్షన్లలో ఒకటి లిఫ్టుల గురించే ఉంటుంది: "లిఫ్ట్ ఆగలేదు, కాబట్టి కరెంటు పోలేదు." అది సరైన వాదన, అందుకే అది జవాబు కాదు. ఇంకొకటి క్రికెట్ గురించి: "వాన పడితే మ్యాచ్ రద్దవుతుంది. మ్యాచ్ రద్దయింది. కాబట్టి వాన పడింది." అదీ ఇదే తప్పు చేస్తోంది, అదే జవాబు. ఇక్కడ మీ అమ్మాయి లెక్కల బలం పనికొస్తుంది. కరెంటు, వాన తీసేసి క, ఖ అని రాసుకుంటే ఆమెకు ఇది సెకన్ల పని.

లోపం పట్టే ప్రశ్నల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవి కొన్నే. రెండు విషయాలు ఒకేసారి జరిగితే ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందనుకోవడం. సంఖ్యకూ శాతానికీ తేడా మరిచిపోవడం: ఒక రోడ్డులో ప్రమాదాలు ఎక్కువంటే ఆ రోడ్డు ప్రమాదకరమని కాదు, బండ్లు ఎక్కువ తిరుగుతుండవచ్చు. ఒక పనికి తప్పనిసరి అయినదాన్ని అదొక్కటే చాలనుకోవడం. ఈ మూడూ బాగా పట్టు చిక్కితే ఇలాంటి ప్రశ్నల్లో చాలావాటికి భయం ఉండదు.

ప్రాబ్లమ్ సాల్వింగ్ ఫర్వాలేదన్నారు గానీ అక్కడా చిన్న ప్రమాదం ఉంది. లెక్క చిన్నదే, ఏ లెక్క చేయాలో వెతుక్కోవడమే పని. ఇది చూడండి:

మ్యూజియంలో టికెట్ పెద్దలకు 120 రూపాయలు, పిల్లలకు 50. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లల దాకా చెల్లే ఫ్యామిలీ టికెట్ 320. ఎవరైనా సరే ఎనిమిది మంది దాకా చెల్లే గ్రూప్ టికెట్ 560. నలుగురు పెద్దలు, ఐదుగురు పిల్లలు వెళ్ళాలంటే తక్కువలో తక్కువ ఎంత అవుతుంది?

విడివిడిగా కొంటే 730. ఒక ఫ్యామిలీ టికెట్, మిగిలిన ఇద్దరు పెద్దలకూ ఇద్దరు పిల్లలకూ విడి టికెట్లు అంటే 660. రెండో బృందంలో పిల్లలు ఇద్దరే కదా, ఫ్యామిలీ టికెట్ దండగ అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. నిజానికి ఆ నలుగురికి విడిగా 340 అవుతుంది, ఫ్యామిలీ టికెట్ 320కే వస్తుంది, ఒక సీటు ఖాళీ పోయినా లాభమే. అలా 640. గ్రూప్ టికెట్ తీసుకుని మిగిలిన ఒక్కరికి విడిగా కొంటే? ఆ ఒక్కరూ పెద్దవారైతే 680, పిల్లలైతే 610. జవాబు 610. కూడికలు మూడో తరగతివి. 730, 680, 660, 640 నాలుగూ ఆప్షన్లలో వరసగా నవ్వుతూ కూర్చుంటాయి, ఏ తోవలో ఆగినా "హమ్మయ్య, వచ్చింది" అనిపించడానికి. జేఈఈ సాధన చేసిన పిల్లలు దీనికి సమీకరణం రాయబోతారు. వద్దు. నాలుగు తోవలు ఉన్నాయని గుర్తించి, నాలుగూ చకచకా చూసేయడమే ఇక్కడ నైపుణ్యం.

జేఈఈ నుంచి వచ్చే ఇంకో అలవాటు, తెలియనిది వదిలేయడం. అక్కడ తప్పు జవాబుకు మార్కు కోస్తారు, టారాలో కోయరు. ఎంసెట్ లాగే అనుకోండి. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా పోకూడదు. రెండు నిమిషాలు దాటిన ప్రశ్నకు ఏదో ఒకటి పెట్టి, మళ్ళీ చూడాలని గుర్తు పెట్టుకుని ముందుకు పోవాలి. ఒకే ప్రశ్న మీద ఐదు నిమిషాలు పంతం పట్టే స్వభావం లెక్కల్లో మంచి గుణమే, ఇక్కడ మాత్రం అది రెండు సులువైన ప్రశ్నలను మింగేస్తుంది.

వ్యాసం గురించి ఎక్కువ చెప్పను. మూడు ప్రశ్నలిస్తారు, ఒకటి ఎంచుకుని 750 పదాలు మించకుండా రాయాలి. మన పిల్లలు గాంధీగారి మాటతోనో కలాంగారి మాటతోనో మొదలుపెట్టి, లాభాలు, నష్టాలు, "కాబట్టి సమతూకం పాటించాలి" అని ముగిస్తారు. అది స్కూలు వ్యాసం. "ఓటు వేయనివారికి జరిమానా వేయాలా?" అని అడిగారనుకోండి. వేయాలో వద్దో మొదటి పేరాలోనే తేల్చాలి. తర్వాత మన మాటకు అన్నిటికంటే గట్టిగా ఎదురునిలిచే వాదన ఏదో మనమే తెచ్చి, దానికి జవాబు చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఓటు తప్పనిసరి అని తెలిస్తే మంచిదే, కానీ ఆ ఉదాహరణ ఏం నిరూపిస్తుందో, ఏం నిరూపించదో చెప్పగలగాలి. మొదటి పది నిమిషాలు ప్లాన్‌కే పోయినా నష్టం లేదు.

సాధన సామగ్రి: ముందు యూఏటీ-యూకే వాళ్ళ సైట్‌లో ఉన్న ఉచిత నమూనాలు. అవి కొన్నే, కాబట్టి చివరి మూడు వారాలకు దాచుకోండి. రోజువారీ సాధనకు పాత టీఎస్‌ఏ పేపర్లు. అవీ అయిపోతే, మెడిసిన్‌కి 2023 దాకా జరిగిన బీమ్యాట్‌లో మొదటి సెక్షన్ ఇదే తరహా. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ వాళ్ళ ఎ లెవెల్‌లో థింకింగ్ స్కిల్స్ అని ఒక సబ్జెక్టే ఉంది, దాని పాత పేపర్లూ పనికొస్తాయి. ఇన్ని ఉండగా కోచింగ్ వాళ్ళు సొంతంగా తయారుచేసిన ప్రశ్నల జోలికి పోకండి. నా దగ్గరికి వచ్చిన అలాంటి పుస్తకాల్లో రెండు జవాబులు సరైనవయ్యే ప్రశ్నలు కనిపించాయి, వాటితో సాధన చేస్తే ఉన్న వివేచన కూడా చెడుతుంది. షార్ట్‌కట్స్ సంగతి: "ఎప్పుడూ, అందరూ అన్న మాటలున్న ఆప్షన్ తప్పు" లాంటివి చెబుతారు. పేరాలోనే "అందరూ" అని ఉంటే ఆ చిట్కా నేరుగా ముంచుతుంది. వొకాబులరీ లిస్టులు బట్టీ పట్టించే వాళ్ళూ ఉన్నారు. ఈ పరీక్షలో కష్టమైన మాటలు దాదాపు ఉండవు.

తేదీల విషయంలో జాగ్రత్త. పరీక్ష అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి ఉంటుంది, కానీ ఒక అడ్మిషన్ ఏడాదిలో ఒక్కసారే రాయనిస్తారు. అక్టోబరులో బాగా రాయలేదని జనవరిలో మళ్ళీ రాయడం కుదరదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు యూక్యాస్ (బ్రిటన్ యూనివర్సిటీలకు అప్లికేషన్లు తీసుకునే సంస్థ) గడువు అక్టోబరు 15, వాటికి వేసేవాళ్ళు అక్టోబరులోనే పరీక్ష రాయాలి. యూసీఎల్ మాత్రమే అయితే జనవరి దాకా సమయం దొరుకుతుంది. కానీ జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి సెషన్, స్కూల్లో ప్రీ-బోర్డులు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. జేఈఈ కూడా రాస్తుంటే నేనైతే అక్టోబరే అంటాను. కేంబ్రిడ్జ్‌కో ఇంపీరియల్‌కో కూడా కంప్యూటింగ్‌కి వేస్తుంటే వాళ్ళకు టీఎంయూఏ అనే లెక్కల పరీక్ష కావాలి, టారా చెల్లదు. ఫీజు 2025లో బ్రిటన్, ఐర్లండ్ బయట రాసేవాళ్ళకు 130 పౌండ్లు ఉండేది, బుక్ చేసే రోజు మళ్ళీ చూసుకోండి.

మీది సీబీఎస్‌ఈ కాబట్టి ఇబ్బంది లేదు గానీ, ఇది చదివే ఇంటర్ బోర్డు పిల్లల తల్లిదండ్రులు ఒకటి చూసుకోవాలి. కొన్ని బ్రిటిష్ యూనివర్సిటీలు రాష్ట్ర బోర్డుల మార్కులను వేరేగా చూస్తాయి. పరీక్ష ఫీజు కట్టకముందే కోర్సు పేజీలో భారతదేశం కింద ఏం రాశారో చదవండి.

పరీక్ష పియర్సన్ వ్యూ అనే పరీక్షల సంస్థ సెంటర్లో, కంప్యూటర్ మీద. హైదరాబాద్‌లో సెంటర్ ఉంది, సీట్లు నిండిపోతే వేరే ఊరు వెళ్ళాల్సి వస్తుంది కాబట్టి బుకింగ్ తెరిచిన వారంలోనే పని కానిచ్చేయండి. పేరాలన్నీ స్క్రీన్ మీదే చదవాలి, అందుకని రెండో నెల నుంచి పేపర్లు ప్రింట్ తీయకుండా ల్యాప్‌టాప్ మీదే చేయించండి. ఇక పేరు. మన వాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట అక్షరంగా, ఇంకొన్నిసార్లు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. స్కూలు రికార్డులో ఎలా ఉన్నా సరే, బుకింగ్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. తేడా ఉంటే రిసెప్షన్‌లోనే ఆపేస్తారు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఈ వారమే బుకింగ్ హెల్ప్ డెస్కుకు ఈమెయిల్ పెట్టి ఎలా నింపాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మాక్‌లో ఏ రకం ప్రశ్నల్లో ఎన్ని పోయాయో విడదీశాక ఆ లెక్క ఇక్కడే పెట్టండి. ఎక్కడ మొదలుపెట్టాలో చూసి చెబుతాను.